దాదా గుట్టకు గేట్‌పాస్

మా సొసైటీలో ఒక పర్వతం ఉంది. నవ్వకండి. గుర్గావ్ కొత్త సెక్టార్లలో నేలంతా చపాతీల పీటలాగా చదునుగా ఉంటుంది. అలాంటిచోట మనిషి ఎత్తు దాటిన మట్టి ఎక్కడున్నా అది పర్వతమే. ఫ్లాట్ కొనే రోజుల్లో బిల్డరు చేతికిచ్చిన రంగుల పుస్తకంలో దానికి 'హిల్ వ్యూ' అని పేరు పెట్టి, దాని మీద ఒక జింకను కూడా నిలబెట్టారు. ఆ జింకను చూసే మా ఆవిడ ఈ ఫ్లాటుకు ఒప్పుకుంది. జింక ఇంతవరకు రాలేదు. అప్పుడప్పుడు పక్క ఊరి మేక ఒకటి వస్తుంది. కళ్ళద్దాలు తీసేసి చూస్తే జింకకు ఏమీ తీసిపోదు.

ఆ పర్వత శిఖరం మీద ఒక తెల్లటి కట్టడం. కట్టడం అనగానే మీరు ఆగ్రా దాకా వెళ్ళిపోకండి. బోర్లించిన గాబు అంత ఉంటుంది. ముందువైపు చిన్న గూడు, గూట్లో దీపాల మసి. లోపల విగ్రహం లేదు, పటం లేదు, హుండీ లేదు. పూజారి అసలే లేడు. ఎప్పుడు చూసినా తాజా సున్నంతో మెరిసిపోతూ ఉంటుంది. ఇరవై అంతస్తుల మా టవర్లకు వేసిన రంగు రెండో వర్షాకాలానికే పెచ్చులూడింది గానీ, ఆ గాబు మీది తెలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

దాన్ని దాదా ఖేడా అంటారు. దాదా అంటే తాత. ఖేడా అంటే ఊరు మొదట నిలిచిన దిబ్బ. ఈ నేల మీద మొట్టమొదట గుడిసె వేసి, ఇది ఊరు అని చెప్పిన తాత అన్నమాట. హర్యానాలో ఊరూరా ఒక దాదా ఉంటాడు. నల్లగొండ జిల్లాలో పుట్టిన నాకు ఇది చప్పున అర్థమైంది. ఎందుకంటే మా ఊరి నడిబొడ్డున బొడ్రాయి ఉంది. ఊరు కట్టిన రోజున నాటిన రాయి. మేం దాని చుట్టూ తిరిగే ఎక్కడికైనా వెళ్ళాలి. చిన్నప్పుడు నేను దాని మీద కూర్చుని పల్లీలు తింటుంటే మా నాయనమ్మ ఇచ్చిన దెబ్బ ఈ వయసులో కూడా చలికాలంలో సలుపుతుంది.

బిల్డరు ఈ గుట్టను ఎందుకు వదిలేశాడో ఊళ్ళో కథలు కథలుగా చెబుతారు. చదును చేయడానికి జేసీబీ వచ్చిందట. డ్రైవరు గుట్టను చూసి, కిందికి దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టి, మళ్ళీ ఎక్కి వచ్చిన దారినే వెళ్ళిపోయాడట. ఈ కథ నేను చాలామంది నోట విన్నాను. ఒక్కో నోట జేసీబీల సంఖ్య పెరుగుతూ వచ్చింది. నా నోట వినేవాళ్ళకు ఏకంగా ఒక సైన్యం కనిపిస్తుంది. చివరికి జరిగిందేమిటంటే, ప్రహరీ గోడ గుట్టను కూడా చుట్టేసింది. దాదా మా సొసైటీ లోపల ఉండిపోయాడు, ఆయన ఊరు గోడ బయట ఉండిపోయింది. ఊరివాళ్ళ కోసం గోడలో ఒక చిన్న ఇనుప గేటు పెట్టారు. పొద్దున్నే ఊరి ఆడవాళ్ళు ఆ గేటు తోసుకుని రావడం, చెంబుతో నీళ్ళో పాలో పోయడం, గూటి ముందు తలవంచి పోవడం. మా వాకింగ్ బృందం వాళ్ళను చూసీ చూడనట్టు దాటిపోయేది. మధ్యలో మాటల్లేవు.

నాకు మాత్రం మాటలున్నాయి. కారణం తాయీ.

తాయీ అంటే పెద్దమ్మ. మా టవరుకు గేదెపాలు పోసే ముసలావిడ. ఆమె గేదెను చూసి తీరాలి. అది నడిచొస్తుంటే పగలే చీకటి పడ్డట్టు ఉంటుంది. తాయీ మాత్రం సన్నగా, ఎండిన కందికట్టెలాగా ఉంటుంది, గొంతు ఒక్కటే గేదెకు సరిపోయేంత. ఆమె హర్యాన్వీ మాట్లాడుతుంది, నేను నల్లగొండ యాస కలిపిన హిందీ మాట్లాడతాను. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడమనే సమస్య రాలేదు. నాకు ఆమె తెలుగులోనే తిడుతున్నట్టు ఉంటుంది.

"రే మద్రాసీ," అంది ఒకరోజు పాలు పోస్తూ, "మీ మద్రాసులో గేదెలుంటాయా?"

"తాయీ, నాది మద్రాసు కాదు. నల్లగొండ."

"అచ్ఛా. అది మద్రాసులో ఎక్కడ?"

ఈ సంభాషణ మా మధ్య నిత్యపారాయణం. నేను భారతదేశ పటం గీసి చూపించాను. ఫోన్లో మ్యాపు చూపించాను. మా ఆవిడది తెనాలి అనీ, మేమిద్దరం వేర్వేరు యాసల నుంచి వచ్చి కాపురం చేస్తున్న వీరులమనీ వివరించాను. తాయీ అంతా విని, "ఠీక్ సై, మద్రాసు పెద్దదే," అని తేల్చేసింది.

గేదె చూడిదని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో వాతావరణం మారిపోయింది. జున్ను! ఢిల్లీ చుట్టుపక్కల ఉండే తెలుగువాడికి గోంగూర దొరుకుతుంది, ములక్కాడ దొరుకుతుంది. తెలుగువాళ్ళు గుమిగూడిన ఇందిరాపురం వెళితే ఆవకాయలో ఎవరిది ఎక్కువ ఎరుపో తేల్చుకోవచ్చు. జున్నుపాలు మాత్రం అంగట్లో అమ్మే వస్తువు కాదు. గేదె ఈనాలి, గేదె గలవాళ్ళకు మన మీద దయ కలగాలి. ఆ దయ కోసం నేను నెలల తరబడి తాయీకి సేవ చేశాను. ఆమె ఫోను బాగు చేయించాను. ఆమె మోకాళ్ళకు నూనె తెచ్చాను. గేదెకు కూడా పొద్దున్నే నమస్కారం పెట్టాను.

"ఇస్తాను లే," అంది తాయీ. "ముందు దాదాకు. తర్వాత నీకు. మొదటి పాలు ఆయన గూట్లో పడనిదే మా ఇంట్లో ఎవరూ వేలు ముంచరు."

"దాదా ముందు, నేను తర్వాత. అంతకన్నా గౌరవం ఏముంది తాయీ!" అన్నాను, నోట్లో ఊరుతున్న నీళ్ళు మింగుతూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే సొసైటీలో ఒక పిల్లవాడి సైకిలు మాయమైంది.

మా సొసైటీ సెక్రటరీ తెలుగువాడే. శ్రీకాకుళం వైపు. సైన్యంలో సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యారు. సొసైటీలో అందరూ మొదటి మాట వదిలేసి మేజర్ గారని పిలుస్తారు, అలా మేమే ఆయనకు ప్రమోషన్ ఇచ్చాం. ఆయన వచ్చాక మా సొసైటీలో కుక్కలు కూడా వరుసలో నడుస్తున్నాయి. సైకిలు పోయిందని తెలియగానే ఆయన ప్రహరీ చుట్టూ తనిఖీ చేసి, దేశ సరిహద్దులో కన్నం కనుక్కున్నట్టు ఆ చిన్న గేటు ముందు నిలబడిపోయారు. ఆ మధ్యాహ్నానికే దానికి తాళం పడింది. ఇకమీదట ఎవరొచ్చినా పెద్దగేటు గుండానే, ఫోన్‌లోని గేటు యాప్‌లో పేరు ఎక్కించుకునే రావాలని అందరికీ సందేశం వచ్చింది. సైకిలు మర్నాడు బేస్‌మెంట్‌లో, ఆ పిల్లవాడు పెట్టినచోటే దొరికింది. తాళం మాత్రం వేసినచోటే ఉండిపోయింది.

గేదె ఈనింది. దూడ కూడా తల్లి రంగే. వార్త తెలిసి నేను బెల్లం దంచి, మిరియాలు నూరి, యాలకులు వొలిచి, సిద్ధంగా కూర్చున్నాను. అప్పుడు గేటు నుంచి ఫోను.

"సార్," అన్నాడు కాపలా భయ్యా, "ఒక అమ్మ వచ్చింది. ఎవరిని కలవాలంటే దాదాని అంటోంది. ఏ టవరు, ఏ ఫ్లాటు అంటే గుట్ట చూపిస్తోంది. మీకు తెలుసంటోంది."

లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగా దిగాను. నా శరీర నిర్మాణం తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. వెళ్ళేసరికి పెద్దగేటు దగ్గర తాయీ నిలబడి ఉంది. ఉతికిన ఘాగ్రా, తల మీద ఎర్ర ఓఢ్నీ, చేతిలో మెరిసే ఇత్తడి చెంబు. చెంబులో చిక్కగా, లేత పసుపు రంగులో, నా ప్రాణం.

కాపలా భయ్యా ఫోను తెర నాకు చూపించాడు. "సార్, ఇందులో నాలుగే ఉన్నాయి. అతిథి, డెలివరీ, క్యాబ్, పనిమనిషి. దాదా కోసం అంటే ఏం నొక్కాలి? డెలివరీ అని కొట్టనా? చేతిలో పాలున్నాయి కదా."

"డెలివరీ?" అంది తాయీ. ఆ గొంతుకు గేటు కడ్డీలు మోగాయి.

"పోనీ అతిథి అని కొట్టు," అన్నాను నేను తెలివిగా. "నా అతిథి. నా ఫ్లాటు నంబరు వెయ్యి. రా తాయీ, అయిపోయింది, రా."

తాయీ కదల్లేదు. నన్ను పైనుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూసింది.

"నేను అతిథినా? నీకా? రే మద్రాసీ, నేను ఈ ఊరికి ఎడ్లబండిలో పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు నువ్వు నీ మద్రాసులో ముక్కు చీదుకుంటున్నావు. నువ్వు నిన్న లిఫ్టులో వచ్చావు. నీ అతిథిగా నేను మా దాదా దగ్గరికి పోవాలా?"

"పేరుకే తాయీ. ఊరికే యాప్‌లో..."

"పేరుకే అంటూనే కదా అన్నీ పోయేది," అంది. చెంబును ఓఢ్నీ కొంగుతో కప్పి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ చెంబు దూరమవుతుంటే నేను చూసిన చూపు, రైలు వెళ్ళిపోతుంటే ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాడు కూడా చూసి ఉండడు.

ఈనాక మళ్ళీ మొదలవ్వాల్సిన తాయీ పాలు మా టవరుకు ఆ పూట నుంచి బంద్. దాదాకు పడని పాలు ఇంకొకరికి పోయదు. మొత్తం దూడే తాగుతోంది. అంత బలిసిన దూడను హర్యానా రాష్ట్రం చూసి ఉండదు. టవరంతా ప్యాకెట్ పాల టీ తాగుతూ ముఖాలు చిట్లిస్తోంది. జున్నుపాలు ఈనిన కొద్దిరోజులే ఉంటాయని మీకు తెలుసు. పూట పూటకు అవి పలచబడుతుంటే ఇక్కడ నేనూ పలచబడుతున్నాను.

మేజర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏటి సేస్తాం గురూగారూ," అన్నారాయన. "రూలు రూలే. ఒకలికి గేటు తీస్తే ఊరంతటికీ తియ్యాల. ఆవిడకేటి, దేవుణ్ణి సూడాల, అంతే కదా? వీడియో కాల్ పెట్టండి. నేను గుట్ట మీద నిలబడి ఫోను పట్టుకుంటాను. ఆవిడ ఇంటికాడ నుంచి దండం పెట్టుకుంటాది. మా బెటాలియన్‌లో పెళ్ళిళ్ళే అలా సూసేం."

ఆయన మంచిమనసుతోనే అన్నారు. నేనూ మంచిమనసుతోనే ఆ కబురు మోసుకుని గోడ చుట్టూ తిరిగి ఊళ్ళోకి వెళ్ళాను. అన్నేళ్ళుగా కిటికీలోంచి ఆ ఊరి మిద్దెలు, వాటి మీద ఎండేసిన పిడకలు చూస్తూనే ఉన్నాను గానీ, లోపలికి వెళ్ళడం అదే మొదలు. తాయీ ఇంటి ముందు దూడ, దాని పక్కన తాయీ. ఎదురుగా మంచాలేసుకుని హుక్కా తాగుతున్న ముసలివాళ్ళు.

వీడియో కాల్ సంగతి చెప్పాను. తాయీ నా ఫోను చేతిలోకి తీసుకుని, తిప్పి, వెనకవైపు కూడా చూసింది.

"ఇందులోంచి పాలు పడతాయా?"

మంచాల మీద నవ్వులు పేలాయి. ఆ నవ్వుల్లో తల దాచుకోవడానికి నేను చరిత్ర పరిశోధకుడి వేషం వేశాను. ఇంతకీ ఈ దాదా ఎవరని అడిగాను. ఒకాయన, కరువులో రాజస్థాన్ నుంచి ఎద్దును తోలుకొచ్చాడనీ, ఎద్దు కూలబడినచోట ఆగిపోయాడనీ చెప్పాడు. రెండో ఆయన, ఎద్దూ లేదు పాడూ లేదు, ఎవరో రాజు సైన్యం నుంచి పారిపోయి వచ్చి ఇక్కడ దాక్కున్నాడని చెప్పాడు. పారిపోయినవాడు మా తాత ఎలా అవుతాడని మొదటాయన లేచాడు. మూడో ఆయన దమ్ము వదులుతూ, అసలు ఆయన దాదా కాదు, దాదీ, ఆడమనిషి అన్నాడు. అతని దగ్గర్నుంచి హుక్కా గొట్టం లాగేసుకున్నారు.

"నువ్వు చెప్పు తాయీ. ఎవరు?"

"నాకేం తెలుసు? నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు."

"మరి ఎవరని దండం పెడతావు?"

"ముందొచ్చినవాడు. అంతే. ముందొచ్చినవాడికి వెనకొచ్చినవాళ్ళు చెప్పుకోవాలి కదా, వచ్చామని."

దూడ మూతి తుడుస్తూ చెప్పుకుపోయింది. బండి దిగినప్పుడు ముఖం మీద నడుము దాకా ముసుగట. అత్తగారు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే తన పాదాలు, పాదాల కింది మట్టి తప్ప ఏమీ కనిపించలేదట. ఇంటికి కాదు, ముందు గుట్ట మీదికి తీసుకెళ్ళింది. వచ్చానని చెప్పుకో అంది. చెప్పుకుంది. "మా ఆయన ముఖం తర్వాత చూశాను. ఈ మట్టి ముందు చూశాను. రెండూ ఒకే రంగు," అని పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆ తర్వాత ఏది ఇంటికొచ్చినా, బిడ్డయినా, గేదెయినా, కొత్త గోధుమలైనా, ముందు అక్కడికి వెళ్ళి చెప్పేది.

"నీ టవరున్నచోట మా శనగచేను. అమ్మిన రోజు మగవాళ్ళు సంతకాలు పెట్టారు. నన్నెవరూ అడగలేదు. పోనీ, మంచిదే, ఇల్లు పక్కాగా కట్టుకున్నాం, పిల్లలు చదువుకున్నారు. నేనేం ఏడవడం లేదు. కానీ దాదా సంతకం పెట్టలేదు రా."

నేను వీడియో కాల్ మాట మళ్ళీ ఎత్తకుండా ఫోను జేబులో పెట్టుకున్నాను. నా విషయంలో ఇది అరుదైన ఘట్టం.

"ఈ చలికాలం మనవడి పెళ్ళి," అంది తాయీ. "కొత్త కోడలు వస్తుంది. దాన్ని ఏ గేటులోంచి తీసుకుపోను? చెప్పు. అతిథి అని నొక్కుతారా, డెలివరీ అని నొక్కుతారా? ఇవాళ నేను నీ అతిథినని ఒకసారి రాయించుకుంటే, రేపు నా కోడలూ అతిథే, దాని కోడలూ అతిథే. దాదాకు ఏమని చెప్పుకోవాలి? బయటి నుంచి చూడ్డానికి వచ్చామనా?"

ఇంటికి వస్తూ ఆ చిన్న గేటు ముందు, ఊరివైపు నిలబడి చూశాను. తాళం వేసిన గేటు కడ్డీల సందులోంచి గుట్ట కనిపిస్తోంది. లోపల నుంచి చూసినప్పుడు అది మా పార్కుకు ఒక మూల. ఇటునుంచి చూస్తే టవర్లే దాని వెనక ఎవరో తెచ్చి పెట్టి మరిచిపోయిన సామాన్లలాగా ఉన్నాయి.

మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె కాసేపు బెల్లం డబ్బా మూత పెడుతూ తీస్తూ ఉంది.

"ఏమండీ, మీ ఊళ్ళో నన్ను మొదట ఎక్కడికి తీసుకెళ్ళారో గుర్తుందా?"

"ఇంటికే తీస్కపోయిన కదా."

"మీకేం గుర్తుంటుంది? మీరు కారులోంచి దిగగానే మజ్జిగ కోసం పరిగెత్తారు. అత్తయ్యగారు నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. ఆ రాయి దగ్గర నిలబెట్టారు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు చుర్రుమంటున్నాయి. పట్టుచీర ఒకటి. చెంబెడు నీళ్ళు రాయి మీద పొయ్యమన్నారు."

"బొడ్రాయి మీదనా? మా అమ్మ ఏమన్నది?"

"నాతో ఏమీ అనలేదు. రాయితో మాట్లాడారు. 'ఇగో, ఇది మా కోడలు, తెనాలి నుంచి ఒచ్చింది, యాదుంచుకో' అన్నారు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత మీ ఊళ్ళో ఎక్కడ నడిచినా కొత్త అనిపించలేదండీ. ఎవరో ఒకరికి చెప్పి ఉంచారు కదా అనిపించేది."

కిటికీలోంచి గుట్ట వైపు చూసింది. "ఇక్కడ మన గురించి ఎవరికైనా ఎవరైనా చెప్పారా?"

నేను ఆధార్ కార్డు గురించి చెప్పబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం మేజర్ గారింటికి వెళ్ళాం. నేను దారిలోనే ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మానవ నాగరికత, వారసత్వ సంపద, గ్రామీణ స్మృతి, సింధు లోయ దాకా వెళ్ళి వచ్చాను. మేజర్ గారు టీలో బిస్కట్టు ముంచుకుంటూ విన్నారు. మధ్యలో రెండుసార్లు గడియారం చూశారు.

"అన్నయ్యగారూ," అని మా ఆవిడ అడ్డుపడింది. "ఈయన మాటలకేం గానీ, ఆవిడ అడిగేది ఒక్కటే. ఇంట్లోకి ఏమొచ్చినా ముందు ఆయనకు చెప్పుకోవాలట. వచ్చామని చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే వచ్చినట్టు కాదట."

మేజర్ గారి చేతిలో బిస్కట్టు సగం విరిగి టీలో పడిపోయింది. ఆయన చూసుకోలేదు.

"వొచ్చేమని సెప్పుకోవాలా?"

"అవునండీ."

"అంటే... రిపోర్టింగా?" లేచి నిలబడ్డారు. "ఆ ముక్క ముందే సెప్పాల కదండీ! మీరేటో సింధు లోయ అంటన్నారు. రిపోర్టింగ్ అంటే నాకు తెలీదేటి?"

ఆయన భార్య వంటగదిలోంచి, "ఇక మొదలెట్టారు," అంది.

"ఎన్ని పోస్టింగులు సేసేనండీ! మంచులో, ఇసకలో. కొత్త సోటుకి ఎల్తే ఏ టైము అవనీ, భుజం మీద మూట దించకుండా, స్నానం లేదు, టీ లేదు, ముందు ఎల్లి రిపోర్టు సెయ్యాల. 'హాజర్ హై సాబ్' అనాల. అది అన్నాకే నువ్వు ఆ సోట ఉన్నట్టు లెక్క. అనకపోతే నువ్వక్కడ కూకుని అన్నం తింటన్నా లేనట్టే." గది మధ్యలో అటూ ఇటూ నడిచారు. కిటికీ దగ్గర ఆగిపోయారు. అక్కడి నుంచి గుట్ట, గుట్ట మీది తెలుపు, సాయంత్రపు ఎండలో కనిపిస్తున్నాయి.

"మరి మనం?" అన్నారు, ఇంతకుముందున్న గొంతు కాదు.

"మనమేంటండీ?"

"మనమెవలం సెయ్యలేదు కదా. రిపోర్టు."

సొసైటీ మొత్తం ఎన్ని వందల కుటుంబాలో! అందరం ఇన్నేళ్ళుగా అన్నం తింటూ, లిఫ్టుల్లో ఎక్కుతూ దిగుతూ, గైర్హాజరులో ఉన్నామన్నమాట.

ఆదివారం పొద్దున చిన్న గేటు దగ్గర జనం. సొసైటీ వాట్సప్‌లో మేజర్ గారు పెట్టిన కబురుకు సగంమంది భక్తితో, సగంమంది తాయీ పాల మీద ప్రేమతో వచ్చారు. తాళం వానలకు బిగుసుకుపోయింది. మేజర్ గారు కొబ్బరినూనె పోసి, తట్టి, శ్రీకాకుళం భాషలో దాన్ని నాలుగు మాటలని, చివరికి తెరిచారు. అవతల తాయీ నిలబడి ఉంది. అదే ఘాగ్రా, అదే ఓఢ్నీ, అదే చెంబు. ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. తెరిచి ఉన్న గేటు ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు నడిచి వచ్చింది. ఆమె పక్క నుంచి వెళుతుంటే మేజర్ గారి మడమలు వాటంతట అవే కలుసుకున్నాయి.

గుట్ట ఎక్కి గూట్లో పాలు పోసింది. ఏదో గొణిగింది. బహుశా దూడ సంగతి. ఆలస్యం ఎందుకైందో కూడా చెప్పే ఉంటుంది, ఎందుకంటే మధ్యలో ఒకసారి చెయ్యి మావైపు చూపించింది. తర్వాత కిందికి చూసి కేకేసింది.

"బహూ! ఇలా రా."

మా ఆవిడ చెప్పులు విడిచి పైకి వెళ్ళింది. సల్వారు కమీజులో ఉంది, తలమీద కప్పుకోవడానికి చున్నీ చిన్నది. తాయీ తన ఓఢ్నీనే సగం తీసి ఆమె తలమీద వేసింది. ఒకే ఎర్రగుడ్డ కింద రెండు తలలు. కింద నిలబడ్డ మా అందరికీ వినపడేలా తాయీ ఆ గాబుతో అంది:

"దాదా, ఇది మద్రాసీ కోడలు. వచ్చి చానాళ్ళయింది. చెప్పుకోవడం ఆలస్యమైంది. తప్పు దీనిది కాదు, దీని మొగుడిది. గుర్తుంచుకో."

మా ఆవిడ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. వంగి నేలను తాకింది, లేవడానికి కాస్త సమయం తీసుకుంది.

ఆ తర్వాత వరుస మొదలైంది. కేరళ ఆవిడ, పాట్నా ఆవిడ, బెంగాలీ దీదీ, మేజర్ గారి భార్య. తాయీకి ఓపిక తగ్గిపోయి, "వీళ్ళూ వచ్చారు, వీళ్ళూ వచ్చారు," అని గుంపుగుంపుగా చెప్పేయడం మొదలుపెట్టింది. ఒకావిడ తన ఫ్లాటు నంబరు కూడా చెప్పమంది, దాదాకు వెతుక్కోవడం తేలికని.

మరుసటి వారం కమిటీ మీటింగులో గేటు గురించి పెద్ద రగడ. మళ్ళీ సైకిలు పోతే ఎవరిది బాధ్యత అని ఒకాయన బల్ల గుద్దారు. మేజర్ గారు అంతా విని, "ఆయన మనకన్నా సీనియర్ అండీ. ఆయన పోస్టింగు ముందు. మనం ఆయన ఏరియాలో ఉన్నాం," అని ముగించారు. చిన్న గేటుకు గడియ ఇప్పుడు ఊరివైపు ఉంది. వాళ్ళు తీస్తారు, వాళ్ళు వేస్తారు. మా వాకింగ్ బృందానికి అవతలి కొట్లో సమోసాలు కావాలంటే గేటు తట్టి, "తాయీ, జర ఖోల్ దో," అని బతిమాలుకోవాలి. ఆమె తీరిక చూసుకుని వస్తుంది. వచ్చి, ఎవరు, ఎందుకు అని అడుగుతుంది.

జున్ను సంగతి అడుగుతారని తెలుసు. ఆ ఆదివారమే తాయీ మాట నిలబెట్టుకుని చెంబు నింపి ఇచ్చింది. అప్పటికి అవి మామూలు పాలైపోయాయి. అయినా మా ఆవిడ బెల్లం, మిరియాలు, యాలకులు వేసి, ఆవిరి మీద పెట్టింది. నేను పొయ్యి దగ్గరే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. గరిటె పెడితే అటు వంచితే అటు, ఇటు వంచితే ఇటు. చివరికి గ్లాసులో పోసుకుని తాగాను. జున్నును తాగిన తొలి తెలుగువాడిగా నా పేరు ఎక్కడైనా చెక్కితే అభ్యంతరం లేదు.

గ్లాసు కడిగి, ఎవరూ చూడకుండా కిందికి వెళ్ళాను. ఎండ ముదిరింది, పార్కులో మనుషుల్లేరు. చెప్పులు విడిచి గుట్ట ఎక్కాను. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, సున్నం పొరల మీద పొరలు, వేలితో తాకితే అరచేయి మందం. గూట్లో పాలు ఇంకా తడిగా ఉన్నాయి. చీమలు వచ్చేశాయి. ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. హిందీలో మొదలుపెట్టి ఆగిపోయాను. మా అమ్మ రాయితో మాట్లాడిన భాష ఒకటే నాకు సరిగ్గా వచ్చు. అందులోనే చెప్పాను. చిన్న మాటే, నా స్థాయికి చాలా చిన్నది. నేను పెద్దది చేయకుండా చెప్పిన మాట అదొక్కటే అయ్యుంటుంది.

దిగి వస్తుంటే గేటు అవతల నుంచి గొంతు. గేటు పక్కన కట్టేసిన గేదెకు గడ్డి వేస్తూ అంతా చూసినట్టుంది.

"రే మద్రాసీ! చెప్పుకున్నావా?"

"చెప్పుకున్నాను తాయీ."

"ఏమని?"

"నల్లగొండ నుంచి వచ్చిన అని."

తాయీ గడ్డి మోపు కింద పెట్టి, కడ్డీల మధ్య నుంచి గుట్ట వైపు జాలిగా చూసింది.

"పాపం దాదా," అంది. "అది మద్రాసులో ఎక్కడని ఎవర్ని అడుగుతాడు?"